రసీదు మీద పేరు

మండపేటలో రైసుమిల్లుల వైపు తిరిగే సందులో నా కొట్టు.
నాలుగడుగుల బల్ల, ఒక ట్యూబులైటు,
కుడికంటికి అతుక్కుపోయిన భూతద్దం.
ముప్ఫై ఏళ్ళుగా పరాయివాళ్ళ వజ్రాలకి పళ్ళు కడుతున్నాను.

నేలపూడి కరుణమ్మ మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చింది.
జుట్టులో ఊక, కనుబొమల మీద ఊక.
మెట్టు మీదే ఆగి చెంగు దులుపుకుంది
నా బంగారు రజనులో తన పొట్టు కలవకూడదని.

"దుద్దులండి. చీటీ పాడాను.
పిల్లకి కాదు, కోడలికి కాదు. ఆయ్, నాకేనండి."
నేనడగలేదు ఆ ముక్క.
దారిలో ఎవరో అడిగి ఉంటారు.

వజ్రం ధర చెప్పాను. నవ్వింది.
వాళ్ళ మిల్లు ఓనరమ్మగారి ఏడురాళ్ళ దుద్దులు
ఒక రాయి కదిలి ఆ రోజు నా బల్ల మీదే ఉన్నాయి.
"ఇవి నాకు తెలుసండి,
బోనసు ఇచ్చే రోజున మేడ దిగుతాయి" అంది.

అప్పుడు విప్పాను సూరత్ నుంచి వచ్చిన కాగితం పొట్లం.
రెండు రాళ్ళు. మోయిసనైట్ అన్నాను.
పక్కన మెరుగు పెడుతున్న మా బావమరిది తలెత్తకుండానే
"పేరులోనే మోసముంది కదా బావా" అన్నాడు.

కరుణమ్మ ఆ పేరుని కాసేపు నమిలింది.
"మోసం కాదండి, మోత ఉంది.
మోయి అనే కదా మొదలు?
ఇరవై రెండేళ్ళు బాయిలరు దగ్గర ఆ మాటే విన్నాను."

మిషను ముల్లు ఆనిస్తే వజ్రమేనని కూసింది.
వేడిని వజ్రంలాగే పారనిస్తుంది ఇది, అందుకని.
అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకునేవాళ్ళున్నారు.
నేను భూతద్దం తీసి ఆవిడ చేతికిచ్చాను,
రాయిని కాస్త వాల్చి చూడమన్నాను.
"గీతలు రెండేసి కనపడుతున్నాయండి."
అదే గుర్తు. వెలుగు ఇందులో కాలు పెట్టగానే
ధవళేశ్వరం దాటిన నీళ్ళలా పాయలుగా చీలుతుంది.
"ఐతే గౌతమీ వసిష్ఠా రెండూ ఉన్నాయన్నమాట" అని
భూతద్దం తిరిగివ్వడం మర్చిపోయింది.

దేంతో చేస్తారంది.
ఎప్పుడో చుక్క రాలిన గుంటలో దొరికితే
ఎవరో పరదేశి ముందు వజ్రమే అనుకున్నాడట.
ఇప్పుడు కొలిమిలో పండిస్తారు,
ఇసుకలోని సారమూ బొగ్గూ కలిపి.
ఊకలో కూడా ఆ రెండూ ఉంటాయట,
ఊక కాల్చి ఈ జాతి పొడి తీయొచ్చట...
అక్కడ ఆగాను.
ఆవిడ తన అరచేతులు చూసుకుంటోంది.

మా నాన్న నాకు పని నేర్పింది ఊక కుంపటి మీదే.
పొద్దున్నే బూడిదెత్తి దొడ్లో బీరపాదుకి పోసేవాణ్ణి.
ఆ బీరకాయలు ఎంత ఖరీదైనవో
అప్పుడు తెలియలేదు.

నాలుగు రోజులు పట్టింది.
నాలుగు పళ్ళు సరిపోయేవి, ఆరు పెట్టాను,
బస్తాలు ఒరుసుకునే చెవులు కదా.
ఒకసారి ఆకురాయి జారింది. రాయికి గీతైనా పడలేదు.

పెట్టుకుని గుమ్మంలోకి నడిచింది, నాలుగింటి ఎండలోకి.
వజ్రం నవ్వితే తెల్లగా, మర్యాదగా నవ్వుతుంది.
ఇది అలా కాదు.
పసుపు, ఎరుపు, నెమలిమెడ నీలం
అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడ్డాయి.
మా పనిలో దీన్ని మంట అంటాం.
కాస్త ఎక్కువైందన్నాడు బావమరిది.
నాకూ మొదట్లో అలాగే ఉండేది.
బాయిలరు తలుపు తెరిచి
కొంచెం తక్కువగా మండమని ఎవరైనా అంటారా?

రసీదులో అలవాటు కొద్దీ
'తెల్లరాళ్ళు రెండు' అని రాయబోయాను.
"పేరు రాయండి. పూర్తిగా.
నన్ను అక్కడ ఊకావిడ అంటారు" అంది.
వజ్రమని రాయమని బతిమాలినవాళ్ళని చూశాను.
ఉన్న పేరు రాయమన్నది ఈవిడే.
ఒకసారి కొట్టేసి మళ్ళీ రాశాను.

శనివారం ఓనరమ్మగారు వచ్చారు తన దుద్దుల కోసం.
"మా మిల్లులో ఒకావిడ చెవులకి... వజ్రాలా అవి?"
కాదండి అన్నాను. పేరు చెప్పాను.
వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నారు.

మళ్ళీ చెప్పాను,
మొదటి రెండక్షరాల దగ్గర కొంచెం ఆగి.